తూర్పు ఆఫ్రికా ఇళ్ళలో రోజువారీ వంట: మన డెల్టా దినుసులతో ముందుగా నేర్చుకోవడం సాధ్యమేనా?

ప్రశ్న: కోనసీమ అమ్మమ్మ

సభ్యులందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. మా అల్లుడుగారికి టాంజానియాలోని మ్వాంజా నగరంలో ఉద్యోగం కుదిరింది. అమ్మాయి, ఇద్దరు చిన్న పిల్లలు కూడా ఆయనతో వెళ్తున్నారు. పిల్లలు కొత్త చోట కుదురుకునే వరకు తోడుగా ఉండడానికి నేనూ వెళ్తున్నాను.

అక్కడ కందిపప్పు, మినప్పప్పు, చింతపండు దొరుకుతాయని అల్లుడుగారు చెప్పారు కనుక మన వంట సాగుతుందా అన్న బెంగ నాకు లేదు. నేను తెలుసుకోగోరేది వేరు. ఏళ్ళ తరబడి ఉండబోయే ఊరి తిండి ఏమిటో తెలియకుండా, ప్రతి పూటా సముద్రం దాటి వచ్చిన దినుసులతోనే వండుకుంటూ గడపడం నాకు సమంజసంగా తోచదు. పక్కింటివారు భోజనానికి పిలిస్తే మా పిల్లలు వారి పళ్ళెంలోది ఇష్టంగా తినాలి. వారు మా ఇంటికి వచ్చినప్పుడు వారి వంట ఒకటైనా నేను సరిగా చేసి వడ్డించగలగాలి. బయలుదేరే లోపు ఇక్కడే, మన చుట్టుపక్కల దొరికే వాటితో వండి అలవాటు పడాలని ఉంది.

అక్కడివారు ముఖ్యంగా తినేది ఉగాలి అనే మొక్కజొన్న పిండి సంకటి అని విన్నాను. దానికి బజారులో కార్న్ ఫ్లోర్ పేరుతో అమ్మే తెల్లని పొడి పనికివస్తుందా? మా పెరట్లో కొబ్బరికి కొదవ లేదు, బొంత అరటి కూడా ఉంది. వీటితో అక్కడివారు ఏమి వండుతారు? పెద్దాపురం వైపు ఉన్న మా బంధువులు కర్రపెండలం పంపిస్తామన్నారు. అక్కడ అది కూడా ముఖ్యమైన తిండేనట, కాని దానిలో విషం ఉంటుందని ఒకరు భయపెట్టారు. ఇంకొక మాట, నేను మాంసం, చేపలు ముట్టను. అమ్మాయి, పిల్లలు చేపలు తింటారు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ప్రార్థన.


సమాధానం: సరస్సు ఒడ్డు, కాకినాడ

అమ్మా, నమస్కారం. నేను ఉద్యోగరీత్యా మ్వాంజాలో చాలాకాలం ఉండి వచ్చినవాడిని. అక్కడి తిండి తెలుసుకొని వెళ్ళాలని మీరు అనుకోవడం నాకెంతో సంతోషాన్నిచ్చింది. మన వారిలో చాలామంది అక్కడ ఏళ్ళు గడిపి కూడా ఇరుగుపొరుగు ఇళ్ళలో పొయ్యి మీద ఏమి ఉడుకుతోందో తెలియకుండానే తిరిగి వచ్చేస్తారు.

ముందుగా పిండి సంగతి. కార్న్ ఫ్లోర్ పేరుతో మన దుకాణాల్లో అమ్మేది గింజ మొత్తం విసిరిన పిండి కాదు, అందులోంచి తీసిన గంజిపొడి మాత్రమే. దానితో ఉగాలి చేయబోతే గిన్నెలో జిగురు మిగులుతుంది. మీరు ఎండు మొక్కజొన్న గింజలు కొని, బాగుచేసి, పిండి మరలో కొంచెం బరకగా ఆడించుకోండి. మన వైపు పండేది చాలావరకు కోళ్ళ దాణాకు వెళ్ళే పసుపు రకం. తూర్పు ఆఫ్రికాలో మనుషులు తినేది తెల్ల రకం. పసుపు రకం కరువు రోజుల్లో సహాయంగా వచ్చిన గింజగా, పశువుల మేతగా చాలామందికి గుర్తు కాబట్టి అతిథికి దానితో వండి పెట్టరు. నేర్చుకోవడానికి మాత్రం పసుపు పిండి చాలు, చేతికి రావలసిన పని రెండింటికీ ఒకటే. అక్కడికి వెళ్ళాక దుకాణంలో రెండు రకాల పిండి కనిపిస్తుంది. పొట్టు, మొలక తీసేసి తెల్లగా మర పట్టించినది సెంబే, గింజను ఉన్నదున్నట్టుగా ఆడించినది దోనా. పిల్లలున్న ఇంటికి నేనైతే దోనాయే తెమ్మంటాను.

నలుగురికి లీటరు నీళ్ళు, సుమారు అరకిలో పిండి సరిపోతాయి. ఎసరు పెట్టి, గుప్పెడు పిండిని చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న ఎసరులో పోసి, పలుచని జావలా కొన్ని నిమిషాలు ఉడకనివ్వాలి. కొత్తవారు తొందరపడేది ఇక్కడే. జావ సరిగా ఉడకకపోతే చివరికి ఎంత కలిపినా పచ్చి వాసన పోదు. తరువాత మంట తగ్గించి, మిగిలిన పిండిని కొద్దికొద్దిగా చల్లుతూ, చెక్క తెడ్డుతో అడుగు నుంచి పైకి తిప్పి, గిన్నె గోడకు అదిమి, మళ్ళీ తిప్పుతూ పోవాలి. ఆ తెడ్డును అక్కడ మ్వికో అంటారు, చేతి పిడి లేని అల్యూమినియం గిన్నెను సుఫురియా అంటారు. ముద్ద గిన్నెను వదిలి, తెడ్డుకు అంటకుండా ఒక్కటిగా తిరిగే దాకా, అంటే మరో పది నిమిషాల పాటు చెయ్యి ఆపకూడదు. ఉప్పు వేయరు, నెయ్యి వేయరు. పళ్ళెంలో బోర్లించి వేడిగా వడ్డిస్తారు. గిన్నె అడుగున పట్టిన మాడు చెక్కును గీకి పిల్లలకు ఇస్తారు, దానికోసం పిల్లలు పోటీపడతారు.

తినే ముందు ఇంటివారిలో ఒకరు అతిథుల చేతుల మీద నీళ్ళు పోస్తారు. కుడి చేత్తో చిన్న ముద్ద తుంచి, అరచేతిలో గుండ్రంగా చేసి, బొటనవేలితో నొక్కి గుంట చేసి, ఆ గుంటలోకి కూర తీసుకొని తింటారు. మీకు చేత్తో తినడం కొత్త కాదు కాబట్టి ఈ పద్ధతి ఒక్క పూటలో వచ్చేస్తుంది. అయితే ఉగాలిని మనం అన్నం కలిపినట్టుగా కూరతో పిసికి కలపరు, అది మాత్రం గుర్తుంచుకోండి.

శాకాహారం గురించి మీరు దిగులు పడనవసరం లేదు. సామాన్యుల ఇళ్ళలో వారంలో ఎక్కువ పూటలు ఉగాలి పక్కన ఉండేది ఆకుకూర, చిక్కుడు జాతి గింజలే. అక్కడ మ్చిచా అని పిలిచేది మన తోటకూరే. ఉల్లిపాయ, టమాటా కొద్ది నూనెలో మగ్గించి, సన్నగా తరిగిన తోటకూర వేసి, ఆకు మెత్తబడ్డాక వేయించి దంచిన వేరుశెనగ పొడిని నీళ్ళలో కలిపి పోసి చిన్న మంట మీద చిక్కబడనిస్తారు. మ్వాంజా ప్రాంతంలో వేరుశెనగ విరివిగా పండుతుంది కనుక ఈ వంటను ప్రతి ఇంటా చూస్తారు. బొబ్బర్లను కుండే అంటారు, గింజే కాక లేత ఆకును కూడా కూరగా వండుతారు. మన వైపు బొబ్బరి ఆకు వండడం నేను చూడలేదు, మీ పెరట్లో పాదు ఉంటే తప్పక వండి చూడండి. ఇక మహారాగే అనే ఎర్ర చిక్కుడు గింజలకు మన దుకాణాల్లో దొరికే రాజ్మా సరిపోతుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో తెర్లకాగే మంట మీద కనీసం పది నిమిషాలు ఉడికించాకే మంట తగ్గించాలి. సగం ఉడికిన రాజ్మా వాంతులకు, విరేచనాలకు దారితీస్తుంది.

చేపలు తినే మీ అమ్మాయికి మాత్రం మ్వాంజా పండగే. ఊరు విక్టోరియా సరస్సు ఒడ్డునే ఉంది. సాటో అనే తిలాపియా, సంగారా అనే పెద్ద చేప రోజూ వస్తాయి. ఈ సంగారా ఆ సరస్సులో పుట్టినది కాదు, 1950లలో వేరే నీళ్ళ నుంచి తెచ్చి వదిలినది. ఇవి కొనలేని ఇళ్ళకు ఆధారం డగా అనే చిన్న చేప. వెండిరంగులో వేలెడు కూడా ఉండని ఈ చేపను ఇసుక మీదో వలల మీదో ఎండబెడతారు. మన ఎండు మెత్తళ్ళను వేడినీళ్ళలో కడిగి, ఇసుక పోగొట్టి, నూనెలో వేయించి, ఉల్లి, టమాటాతో దగ్గరగా వండితే ఆ కూర ఎలా ఉంటుందో తెలుస్తుంది.

డెల్టా మనిషిగా మీకు సంతోషం కలిగించే సంగతి మరొకటి ఉంది. మ్వాంజా, షిన్యాంగా ప్రాంతాల్లో గట్లు వేసిన మడుల్లో వరి పండిస్తారు. మీకు బియ్యానికి ఇబ్బంది లేదు. పల్లెల్లో మాత్రం అన్నం ఉగాలి కంటే ఖరీదైన తిండి, చుట్టాలు వచ్చినప్పుడో పండుగకో వండుకునేది.


సమాధానం: మెట్ట సేద్యం, పెద్దాపురం

వ్యవసాయ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. కర్రపెండలం మీద మీకు కలిగిన భయం నిరాధారం కాదు, అలాగని దాన్ని మానుకోవలసినంతది కూడా కాదు. దుంపలోని కొన్ని పదార్థాలు, దుంపను కోసినప్పుడో నలిపినప్పుడో విడిపోయి సయనైడును వదులుతాయి. తీపి రకాల్లో ఇవి తక్కువ, చేదు రకాల్లో చాలా ఎక్కువ. తూర్పు ఆఫ్రికా గృహిణులకు ఈ తేడా తరతరాలుగా తెలుసు. చేదు దుంపను చెక్కుతీసి, నానబెట్టి లేదా పులియబెట్టి, ఎండబెట్టి, దంచి పిండి చేస్తారు. ఆ పనికి రోజులు పడుతుంది, ఆ రోజులే విషాన్ని తీసివేస్తాయి. 1981లో మొజాంబిక్ ఉత్తర ప్రాంతంలో తీవ్రమైన కరువు వచ్చినప్పుడు ఆకలికి ఆగలేక ఈ పనిని కుదించుకున్న కుటుంబాలలో, ముఖ్యంగా పిల్లల్లోనూ స్త్రీలలోనూ, కాళ్ళు శాశ్వతంగా పడిపోయే కొంజో అనే జబ్బు వెయ్యి మందికి పైగా వచ్చింది. పప్పు, చేప వంటి మాంసకృత్తులు తక్కువగా ఉన్న తిండి ఆ ప్రమాదాన్ని మరింత పెంచుతుంది.

మా పెద్దాపురం, సామర్లకోట వైపు కర్రపెండలం ప్రధానంగా సగ్గుబియ్యం మిల్లుల కోసం వేస్తారు. మిల్లుకు వెళ్ళే రకం, వండుకునే రకం ఒకటి కాకపోవచ్చు కనుక మీ బంధువులను తాము ఇంట్లో ఉడికించుకొని తినే మడిలోంచే పంపమనండి. మందపాటి లోపలి తొక్కతో సహా చెక్కు తీసి, ముక్కలు కోసి, ఎక్కువ నీటిలో మూత పెట్టకుండా ఉడికించి, ఆ నీరు పారబోయండి. చేదు తగిలిన ముక్కను పారవేయడమే మేలు. పచ్చి దుంపను పిల్లల చేతికి ఇవ్వవద్దు.

పిండి నిల్వ గురించి కూడా గట్టిగా చెప్పవలసి ఉంది. 2004లో కెన్యా తూర్పు జిల్లాల్లో తడి ఆరకుండా నిల్వ చేసిన మొక్కజొన్నకు బూజు పట్టి, అఫ్లటాక్సిన్ అనే విషం వల్ల 317 మంది జబ్బుపడగా 125 మంది చనిపోయారు. ఆ విషం వండినా పోదు. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. కాబట్టి గింజను పళ్ళ కింద పటుక్కుమనే దాకా ఎండబెట్టి, ఒక వారానికి సరిపడా మాత్రమే ఆడించుకోండి. రంగు మారిన గింజ, ముక్కు వాసన వేసే పిండి, బూజు పట్టిన వేరుశెనగ పలుకు కోళ్ళకు కూడా వేయకండి.

మీరు అడగలేదు గాని ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ మొక్కజొన్న, కర్రపెండలం రెండూ తూర్పు ఆఫ్రికా సొంత పంటలు కావు. పదహారో శతాబ్దం నుంచి పోర్చుగీసు ఓడలతో అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. అంతకుముందు అక్కడివారి సంకటి జొన్న, రాగి పిండితోనే. జొన్నను మొదట సాగుచేసిన ఆనవాళ్ళు సూడాన్ తూర్పు భాగంలో దొరికాయి, అవి క్రీ.పూ. 3000కు ముందువి. రాగి ఇథియోపియా, ఉగాండా ఎత్తు భూముల బిడ్డ. బొబ్బర్లు కూడా ఆఫ్రికావే. ఇవి వేల ఏళ్ళ క్రితమే మన దేశానికి చేరాయి. కంది మాత్రం ఇటు నుంచి అటు వెళ్ళిన పంట. ఇప్పుడు టాంజానియా, మొజాంబిక్, మలావీ రైతులు పండించిన కందులు ఓడల మీద మనకే వస్తున్నాయి.

అక్కడ ఇరవయ్యో శతాబ్దంలో వలస పాలకుల తోటలు, కూలీలకిచ్చే రేషను, పిండి మిల్లులు కలిసి తెల్ల మొక్కజొన్నను ఇంటింటికీ చేర్చి జొన్న, రాగులను పక్కకు నెట్టాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీరు పారిన చోటల్లా వరి నిండి, జొన్న, గంటి (సజ్జ), చోళ్ళు (రాగులు) మెట్టకు పరిమితమైన మన చరిత్ర తెలిసినవారికి ఈ మార్పు సులువుగా అర్థమవుతుంది. అందుకే మీకు నా సలహా, మొక్కజొన్న ఉగాలితో ఆగిపోకుండా చోళ్ళ పిండి, జొన్న పిండి కలిపి కూడా చేసి చూడండి. సరస్సు చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ జొన్న, కర్రపెండలం పిండి కలిపిన ముదురు రంగు ఉగాలిని పెద్దలు ఇష్టపడతారు.


సమాధానం: రావులపాలెం అరటి

మాది అరటి సాగు చేసే కుటుంబం. మా అక్కయ్య ఉగాండా రాజధాని కంపాలాలో కాపురం ఉంటుంది. బొంత అరటి గురించి అడిగారు కాబట్టి తెలిసినది చెబుతాను.

ఉగాండాలోనూ, మ్వాంజాకు సరస్సు అవతలి ఒడ్డున ఉన్న బుకోబా వైపూ ప్రధానమైన తిండి అరటికాయే. మటోకే అంటారు. అయితే ఆ ఎత్తు భూముల అరటి జాతి మన బొంతకు దగ్గరిది కాదు. బొంత పిండి ఎక్కువగా ఉండి గట్టిగా, పొడిపొడిగా ఉడుకుతుంది. మటోకే మెత్తగా, కాస్త తడిగా ముద్ద కావాలి. మా అక్కయ్య ఇక్కడికి వచ్చినప్పుడు బొంతను పక్కన పెట్టి, ఇంకా ఏమాత్రం పండని పచ్చ అరటి లేదా గ్రాండ్ నైన్ కాయతో చేస్తుంది, అదే అసలుకు దగ్గరగా వస్తుంది. కాయలను కూరకని కొనేటప్పుడు పండించడానికి మందు కొట్టని గెల చూసి తీసుకోండి.

పద్ధతి చెబుతాను. చేతులకు నూనె రాసుకొని కాయలు చెక్కి, వాడ్చిన అరటి ఆకుల్లో మూటగా కట్టాలి. పెద్ద గిన్నె అడుగున ఆకు తొడిమల ముక్కలు పరచి, అవి మునిగేటంత నీరు పోసి, మూట నీటికి తగలకుండా పైన పెట్టి, ఇంకా రెండు ఆకులు కప్పి గంటకు పైగా ఆవిరి మీద ఉంచాలి. మెత్తబడ్డాక మూట విప్పకుండానే ఆకు పైనుంచి చేతులతో అదిమి ముద్ద చేసి, మళ్ళీ కాసేపు సెగ మీద ఉంచుతారు. ఉగాండా గృహిణి నైపుణ్యమంతా ఆ రెండోసారి ఆవిరిలోనే ఉంటుంది. రంగు పసుపు తిరిగి, ఆకు వాసన పట్టి, ముద్ద పట్టులా జారుతుంది. పక్కన వేరుశెనగ ముద్దను నీటిలో కలిపి ఉల్లి, టమాటాతో చిక్కగా కాచిన పులుసు ఉండాలి. అందులో చింతపండు వేయరు. మన కోనసీమలో అరటి ఆకు, తొడిమ, కాయ మూడూ ఒకే చెట్టు నుంచి తీసుకోవచ్చు కనుక ఈ వంటకు ఇంతకంటే అనువైన చోటు మరొకటి లేదని నా నమ్మకం.


సమాధానం: పాలకొల్లు వంటిల్లు

పై వివరాలన్నీ చదివాను, చాలా ఉపయోగంగా ఉన్నాయి. నాకు ఒక్క సందేహం. ఉప్పు లేని సంకటి, చింతపండు లేని పులుసు మన పిల్లలు తింటారా? తోటకూర వేరుశెనగ కూరకు ఆవాలు, ఎండుమిరప, వెల్లుల్లి, కరివేపాకుతో తాలింపు పెట్టి, రాజ్మాలో కాస్త ధనియాల పొడి వేస్తే మన నోటికి హితవుగా ఉంటుందని నా ఉద్దేశం. దినుసులు వారివి, పోపు మనది అయితే తప్పేమిటి?


సమాధానం: సరస్సు ఒడ్డు, కాకినాడ

పాలకొల్లు సోదరి గారికి, తప్పేమీ లేదు. మీ ఇంట్లో మీరు అలా వండుకోండి. కాని ప్రశ్న అడిగిన అమ్మగారి ఉద్దేశం వేరు. పక్కింటివారి పళ్ళెంలోది పిల్లలు ఇష్టంగా తినాలని ఆమె కోరిక. తాలింపుతో అలవాటు చేస్తే పిల్లలు మరిగేది మన తాలింపునే, ఆ ఊరి కూరను కాదు. మొదట కొన్నాళ్ళు వారు వండినట్టే వండి, ఆ రుచి ఏమిటో నాలుకకు తెలియనివ్వడం మంచిదని నా దృఢమైన అభిప్రాయం. ఆ వంటలో మసాలా లేకపోవడాన్ని లోటుగా చూడకూడదు. తాజా తోటకూరకు, అప్పుడే వేయించి దంచిన వేరుశెనగకు ఉన్న తీపి, కమ్మదనం ఘాటు లేనప్పుడే తెలుస్తాయి. ఉగాలి చప్పగా ఉండడం కూడా కావాలనే. పక్కనున్న కూర ఉప్పును, టమాటా పులుపును అదే మోస్తుంది.

పైగా కారం వారు విడిగా పెడతారు. పిలిపిలి అనే పచ్చిమిరప పచ్చడి ఒక గిన్నెలో, ఉల్లి, టమాటా సన్నగా తరిగి నిమ్మరసం, ఉప్పు కలిపిన కచుంబరి మరో గిన్నెలో ఉంటాయి. కావలసినవారు వేసుకుంటారు. చిన్న పిల్లలున్న ఇంటికి ఇంతకంటే సౌకర్యం ఏముంటుంది?

ఆకుకూరల గురించి మరొకటి. కెన్యాలో వామింట, కామంచి వంటి ఆకులను ఎంతోకాలం పేదవారి తిండిగా చిన్నచూపు చూసి, సంకరజాతి క్యాబేజీ, కేల్ (క్యాబేజీ జాతి ఆకుకూర) వైపు మొగ్గారు. అక్కడి జాతీయ మ్యూజియంలు, పరిశోధకులు, పల్లె స్త్రీలు కలిసి ఆ సంప్రదాయ ఆకుకూరలను తిరిగి సంతకు, బడి భోజనానికి, పట్టణాల దుకాణాలకు చేర్చారు. ఆ కృషిని 2021లో యునెస్కో ఆదర్శంగా గుర్తించి నమోదు చేసింది. వామింట మన చేలగట్ల మీద కూడా మొలుస్తుంది. మనం దాన్ని కలుపుగా పీకి పారేస్తున్నాం. అక్కడివారు ఆ ఆకు చేదును పాలలోనో మీగడలోనో ఉడికించి తగ్గిస్తారు.


ప్రశ్నకర్త: కోనసీమ అమ్మమ్మ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. దోనా పద్ధతిలో పిండి ఆడించి ఉగాలి చేశాను. మా వారు చోళ్ళ సంకటి తిన్న మెట్ట మనిషి కనుక ఆయనకు వెంటనే నచ్చింది. పిల్లలు మాడు చెక్కు కోసం తగువులాడుకున్నారు. ఇక కొబ్బరి సంగతి ఎవరూ చెప్పలేదు. పిల్లలకు ఉదయం ఏమి పెట్టాలో కూడా తెలియజేయగలరు.


సమాధానం: నరసాపురం, పూర్వం మొంబాసా

అమ్మా, కొబ్బరి వంట సముద్రతీరానిది. మొంబాసా, జాంజిబార్, టాంగా, దారెస్సలాం ఇళ్ళలో కొబ్బరి పాలు లేని రోజు ఉండదు. మ్వాంజా తీరానికి వందల కిలోమీటర్ల లోపల ఉంది, కొబ్బరి లారీల మీద రావాలి, అందుకే అక్కడ వేరుశెనగకు అంత ప్రాధాన్యం. అయినా మీ పెరట్లో ఉన్నన్నాళ్ళు తీరం వంట నేర్చుకోండి, అక్కడికి వెళ్ళాక తీరం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో పరిచయమవుతాయి.

ఆ తీరంలో కొబ్బరిని మనం పచ్చడికి రుబ్బినట్టు రుబ్బి కూరలో కలపరు. మ్బుజీ అనే మడత పీట మీద కూర్చొని, దాని కొసనున్న పళ్ళ ఇనుముతో చిప్పను కోరి, కోరును కొద్ది గోరువెచ్చని నీటితో పిసికి, తాటి జాతి ఆకుతో అల్లిన కిఫుంబు అనే సంచిలో పిండుతారు. మొదట వచ్చిన చిక్కని పాలను పక్కన దాచి, మళ్ళీ నీరు పోసి పిండిన పలుచని పాలలో గింజనో చేపనో అన్నాన్నో ఉడికిస్తారు. చిక్కని పాలు దింపే ముందు పోసి, ఒక్క పొంగు రానిచ్చి ఆపుతారు. చిక్కని పాలను ఎక్కువసేపు మరగనిస్తే విరిగి నూనె తేలుతుంది. ముదురు కాయ కావాలి, లేత కాయ పాలకు పనికిరాదు.

వారి కొబ్బరి అన్నానికి కావలసినవి బియ్యం, కొబ్బరి పాలు, ఉప్పు మాత్రమే. బియ్యం పలుచని పాలలో ముప్పాతిక ఉడికాక చిక్కని పాలు పోసి, మూత మీద నిప్పులు పెట్టి మగ్గనిస్తారు. గ్యాసు పొయ్యి మీద అయితే మూత బిగించి సన్న సెగ మీద ఉంచండి.

మీ వంటి శాకాహారులకు నేను ముందుగా చెప్పేది ఎంబాజీ జా నాజీ. ఎండు కందులను పప్పు చేయకుండా గింజ గింజగానే రాత్రి నానబెట్టి, మెత్తగా ఉడికించి, ఉల్లిపాయ, ఒకటి రెండు పచ్చిమిరపకాయలు, చిటికెడు పసుపుతో పలుచని కొబ్బరి పాలలో మరిగించి, చివర చిక్కని పాలు పోస్తారు. ఇది ఉదయపు తిండి. దీనితో మహామ్రి తింటారు. మైదాను కొబ్బరి పాలు, పంచదార, ఏలకుల పొడి, ఈస్టుతో కలిపి పులియనిచ్చి, ముక్కోణంగా కోసి నూనెలో వేయిస్తే బోలుగా పొంగుతాయి. కందులు మనకు ఎంత పాతవో, ఇంత రుచి వాటిలో ఉందని మాత్రం నాకు మొంబాసాలోనే తెలిసింది.

పిల్లలకు మరొకటి విటుంబువా. బియ్యం నానబెట్టి, కొబ్బరి పాలతో మెత్తగా రుబ్బి, పంచదార, ఏలకులు, ఈస్టు కలిపి, పొంగాక గుంత పొంగణాల పెనంలో నూనె వేసి రెండు వైపులా కాల్చాలి. మన పెనమే సరిపోతుంది, కొత్తది కొననవసరం లేదు. రోజువారీగా అయితే ఊజి అనే జావ మేలు. టాంజానియాలో రాగిని ఉలేజి అంటారు. ఆ పిండిని రాత్రి నీళ్ళలో కలిపి పులియనిచ్చి, ఉదయం కాచి, కొద్దిగా పంచదార వేసి పసిపిల్లలకూ బాలింతలకూ ఇస్తారు. అక్కడి దుకాణాల్లో మొక్కజొన్న, రాగి, సోయా, వేరుశెనగ కలిపిన పిల్లల పిండి కూడా దొరుకుతుంది. అయితే మెట్ట సేద్యం గారు చెప్పిన బూజు హెచ్చరిక దృష్ట్యా గింజలు విడివిడిగా కొని, ఏరి, దగ్గరి మరలో ఆడించుకోవడమే క్షేమం.

చపాతీ గురించి కూడా అడుగుతారని ఊహిస్తున్నాను. 1896 నుంచి 1901 వరకు మొంబాసా నుంచి సరస్సు దాకా రైలు మార్గం వేయడానికి మన దేశం నుంచి సుమారు 32,000 మంది కూలీలు వెళ్ళారు, వారి వెనుక వర్తకులు వెళ్ళారు. చపాతీ, సంబూసా ఆ విధంగా, అంతకు ముందు నుంచీ ఉన్న సముద్ర వర్తకం ద్వారా, అక్కడి ఇళ్ళకు చేరాయి. ఇప్పుడవి పూర్తిగా వారి వంటలే. మైదా పిండిని నూనె రాసి పొరలుగా చుట్టి, మెత్తగా, మందంగా కాల్చే ఆ చపాతీ పండుగనాటి తిండి. పక్కింటి పిల్లల్ని పిలిచినప్పుడు మీరు దాన్ని రాజ్మా కూరతో వడ్డించండి.

చివరగా సామాను సంగతి. చోళ్ళ పిండి, కందులు, బొబ్బర్లు, తోటకూర విత్తనాలు మీరు మోసుకు వెళ్ళవద్దు. అన్నీ అక్కడి సంతలో దొరుకుతాయి, విత్తనాలకు సరిహద్దులో అభ్యంతరం కూడా రావచ్చు. పొంగణాల పెనం మాత్రం పెట్టుకోండి.